జీర్ణోద్ధరణ ఎవరిది?

శిథిలమైన గుడిని తిరిగి నిలబెట్టటాన్ని మనవాళ్లు జీర్ణోద్ధరణ అన్నారు. ఆ మాటను ఒక మోటారు సైకిలుకు వాడితే కొందరు మిత్రులకు నవ్వు రావచ్చు. అయినా నేను ఆ మాటనే వాడతాను. నేను చర్చించదలచిన ప్రశ్న గుడికీ యంత్రానికీ, ఆ మాటకొస్తే మనిషి చేతితో చేసిన ప్రతి వస్తువుకూ వర్తించేదే. పాడైన వస్తువును బాగు చేసినప్పుడు అందులో ఏది నిజం, ఏది నటన? బాగు చేసినవాడికి దాని మీద హక్కంటూ ఏమైనా వుందా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురు కాలేదు. పోయిన సంక్రాంతికి అమలాపురంలో మా యింటి అరుగు మీద ఎదురయింది. నా దగ్గర ఇంటర్మీడియెట్‌లో ఫిజిక్సు చదువుకున్న కుర్రవాడొకడు గల్ఫు నుంచి సెలవు మీద వచ్చి నన్ను చూడబోయాడు. అతని తండ్రికి కొత్తపేట వెళ్లే రోడ్డు మీద మోటారు సైకిళ్ల షెడ్డు వుంది. అమలాపురం, రాజోలు, మలికిపురం ప్రాంతాలలో గల్ఫుకు మనిషిని పంపని వూరు అరుదు. ఇతను వెళ్లింది ఒక ధనవంతుడి సొంత గారేజిలో పనికి. ఆ ధనవంతుడికి పాత పందెపు బళ్లు సేకరించే సరదా వుంది.

వచ్చినవాడు పాత తువాలులో చుట్టిన వస్తువొకటి తీసి నా ముందు పెట్టాడు. అరచేతి వెడల్పున, బొటనవేలి మందాన వున్న అల్యూమినియం బిళ్ల. దానికి మూడు పెద్ద బెజ్జాలు. అంచులు ఆకురాయితో రాచినవి. ఒక మూల సన్నని ఎర్రగీత.

"ఇది పారెయ్యమన్నారండి. పారెయ్యలేకపోయానండి," అన్నాడు.

కథ అర్థం కావాలంటే ఆ బిళ్ల ఏ యంత్రంలోదో చెప్పాలి. దాన్ని డ్రాగ్ రేసు మోటారు సైకిలంటారు. ఈ పందెంలో మలుపులుండవు. రెండు బళ్లు పక్కపక్కన నిలబడి పావు మైలు, అనగా 1320 అడుగులు, సుమారు 402 మీటర్లు, తిన్నగా పరుగెత్తుతాయి. ముందు దాటింది గెలిచినట్టు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో ఈ పందెం పెద్ద ఎత్తున సాగింది. 1950లో అక్కడి శాంతా ఆనాలో విమానాలు దిగే దారి మీదనే వారంవారం పందేలు మొదలయ్యాయి. మనవైపు మద్రాసు దగ్గర షోళవరంలో కూడా యుద్ధకాలంలో వేసిన విమానాల దారి మీద చాలా ఏళ్లు మోటారు పందేలు జరిగాయి. యుద్ధం విడిచిపెట్టిన జాగాలో, పాత ఇనుప సామాను నుంచి ఏరుకున్న భాగాలతో, చేతిలో పని వున్న కుర్రవాళ్లు సృష్టించుకున్న ఆట ఇది. దీని పుట్టుక వర్క్‌షాపులోనే. ధనవంతుల మేడల్లోకి తర్వాత చేరింది.

ఈ బండికి ఒక ప్రత్యేకత వుంది. దాని ఇంజనుకు సూపర్‌చార్జరు బిగించివుంది. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలికి ఒక మితి వుంటుంది. కొలిమిలో మంట చాలకపోతే తిత్తి వూదినట్టు, ఇంజనులోకి కూడా బలవంతంగా గాలి నెట్టితే ఎక్కువ ఇంధనం కాలి ఎక్కువ శక్తి వస్తుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రూట్స్ సోదరులు 1860లో పేటెంటు తీసుకున్న గాలి యంత్రమే దీనికి మూలం. ఒక పెట్టెలో రెండు రోటర్లు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతూ, ఎక్కడా తాకకుండా గాలిని నెడతాయి. ఆ రోజుల్లో అది ఇనుము కరిగించే కొలుములకు గాలి వూదింది, గనుల్లోకి గాలి పంపింది. తర్వాత అమెరికా బస్సుల, లారీల డీజిలు ఇంజన్లలో చేరింది. అక్కడి జనరల్ మోటార్స్ కంపెనీ తయారు చేసిన 6-71 ఇంజను మీది వూదుడు యంత్రాన్ని పాత సామాన్ల దొడ్లలో కొని పందెపు కార్లకు బిగించుకునేవారు. ఆ ఇంజనుకు ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపుటంగుళాలు. అందుకే ఆ పేరు. గని కార్మికుడికి వూపిరి పోసిన యంత్రమే చివరకు ఏడెనిమిది సెకన్ల పరుగుకు సాధనమయింది. యంత్రానికి సొంతంగా మంచీ చెడూ లేవనీ, అది ఎవరి చేతిలో ఏ పనికి తిరుగుతున్నదన్నదే ముఖ్యమనీ చెప్పటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

మా కుర్రవాడి చేతికొచ్చిన బండి 1970ల నాటిది. హోండా 750 ఇంజను, చేత్తో వంచి వెల్డు చేసిన గొట్టాల చట్రం, ఇంజను మీద చిన్న సూపర్‌చార్జరు. దాన్ని తిప్పే పళ్ల బెల్టు ఇంజను క్రాంకు నుంచే బయలుదేరుతుంది. ఆ బెల్టును బిగువుగా వుంచే చక్రాన్ని పట్టుకునే బ్రాకెట్టే మా అరుగు మీదికి వచ్చిన బిళ్ల.

బండి నడవక నలభై ఏళ్లయింది. పద్నాలుగు నెలలు పట్టిందట బాగు చెయ్యటానికి. ఇటువంటి బళ్లకు పెట్రోలు బదులు మిథనాలు వాడతారు. అది ఆవిరయ్యేటప్పుడు ఇంజనును చల్లబరుస్తుంది గాని, గొట్టాలలో నిలవుంటే గాలిలోని తేమను పీల్చి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంధనం పంపు విప్పితే లోపల తెల్లని సున్నంలాంటి పొడి. రోటర్లు పెట్టెకు అంటుకుపోయాయి. వాటిని విడదీసి, బేరింగులు మార్చి, రెండు రోటర్ల మధ్య అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సందు కొలిచి మళ్లీ కూర్చాడు. చిట్టచివర ప్రతి భాగానికీ పగుళ్ల పరీక్ష చేశాడు. ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచేసి, పైన తెల్లపొడి చల్లితే, కంటికి కనిపించని పగుళ్లలో దాగిన ఎరుపు పైకి వస్తుంది. ఈ బ్రాకెట్టు మూల మీద కనిపించిన ఎర్రగీత అదే.

ఆ గీత చిన్న విషయం కాదు. పందెపు వేగంలో బ్రాకెట్టు విరిగితే బెల్టు తెగుతుంది. తెగిన బెల్టు కొరడాలా కొట్టుకునేది నడిపేవాడి కాళ్ల మధ్యనే. ఈ ఆటలో ప్రాణాలు ఎంత సన్నని దారానికి వేలాడతాయో చెప్పటానికి రస్ కాలిన్స్ అనే అమెరికన్ చరిత్ర చాలు. మూడు హోండా ఇంజన్లు జోడించి అతను కట్టిన బండి 1976లో ఒహాయో రాష్ట్రపు ఆక్రన్‌లో ప్రమాదానికి గురై అతన్ని తీవ్రంగా గాయపరిచింది. తర్వాత అతనే రెండు ఇంజన్లకు సూపర్‌చార్జరు పెట్టి సార్సరర్ అనే బండి కట్టాడు. 1970ల చివర అది పావు మైలును 7.3 సెకన్లలో, గంటకు దాదాపు 200 మైళ్ల వేగంతో దాటింది.

కనుక పగిలిన బ్రాకెట్టును మార్చవలసిందే. ఇందులో వాదం లేదు. యజమాని కూడా మార్చమనే అన్నాడు. అయితే అతను మరో మాట కూడా అన్నాడు: కొత్తది అచ్చం పాతదానిలాగే వుండాలి. ఎవరు చూసినా ఇది 1970ల నాటి అసలు బ్రాకెట్టే అనుకోవాలి. పాతది పారెయ్యి.

కుర్రవాడు కొత్తది కోశాడు. పాతవాడు ఆకురాయితో ఎక్కడెక్కడ రాచాడో అక్కడక్కడే తానూ రాచాడు. అలా రాస్తుండగా అతనికి ఒక సంగతి తెలిసింది.

"గీతలన్నీ రెండోవైపుకి వాలున్నాయండి. ఆయనది ఎడమచేతి వాటమండి. నేను కూడా ఆకురాయి ఎడమచేతికి మార్చుకుని రాస్తే గాని ఆ వాలు రాలేదండి," అన్నాడు.

ఆ మనిషి పేరు తెలియదు. ఊరు తెలియదు. బతికి వున్నాడో లేడో తెలియదు. యాభై ఏళ్ల తర్వాత సముద్రాలకు ఇవతల కోనసీమ కుర్రవాడొకడు ఆకురాయి గీతలను బట్టి అతన్ని గుర్తుపట్టాడు. అంతర్జాతీయ సౌభ్రాతృత్వం గురించి నేను ఎన్నో సభలలో మాట్లాడాను. అది ఇంత ప్రత్యక్షంగా నాకు ఎన్నడూ కనిపించలేదు.

కొత్త బ్రాకెట్టు బిగించేముందు కుర్రవాడు దాని లోపలి ముఖం మీద, విప్పితే గాని కనపడని చోట, చేసిన సంవత్సరమూ తన పేరులోని మొదటి అక్షరమూ, తెలుగులో, పోటుతో కొట్టాడు. యజమానికి చెప్పలేదు. ఇప్పుడా బండి ఒక అద్దాల హాలులో వుంది. పక్కనున్న పలక మీద యజమాని పేరూ, ఇంజను వివరాలూ, గెలిచిన పందేలూ వున్నాయి. బాగు చేసినవాడి ప్రస్తావన లేదు.

"మాస్టారూ, ఆ అక్షరం కొట్టటం తప్పంటారా?"

మర్నాటి సాయంకాలం మా యింట్లో కూడిన నలుగురైదుగురు మిత్రుల ముందు ఈ ప్రశ్న పెట్టాను. ఒక యువ అధ్యాపకుడు వెంటనే అన్నాడు: "ఇదంతా డబ్బున్నవాడి ఆటబొమ్మ. పంటకాలువల మరమ్మతుకు దిక్కు లేని చోట, ఏడు సెకన్ల వేగానికి పద్నాలుగు నెలల శ్రమా! ఆ బండి అసలయితేనేం, నకలయితేనేం?"

ఈ వాదంలో సగం నిజం వుంది. సమాజానికి ఏది అవసరమో నిర్ణయించే అధికారం డబ్బు చేతిలో వున్నంతకాలం నేర్పుగల చేతులు ఇటువంటి పనులకే అమ్ముడుపోతాయి. కాని రెండో సగం ప్రమాదకరమైనది. వస్తువు ఎవరి స్వాధీనంలో వున్నదో చూసి, దాన్ని చేసిన శ్రమను తీసిపారేస్తే, మనం కూడా యజమాని కళ్లతోనే చూస్తున్నామన్నమాట. యజమాని శ్రమను గర్వంతో మరుగుపరిస్తే మనం తిరస్కారంతో మరుగుపరుస్తాం. మరుగున పడేది మాత్రం ఆ మనిషే. తాజమహలును గురించి మాట్లాడేటప్పుడు మనం రాళ్లెత్తిన కూలీలను గుర్తు చేస్తాం. మోటారు సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోవాలి?

ఇక "అసలు" అన్న మాట. భాగాలన్నీ మారిన వస్తువు పాత వస్తువేనా అన్నది తత్వశాస్త్రంలో పాత చర్చ. పలకలన్నీ మార్చిన థీసియస్ ఓడ గురించి గ్రీకులు వాదించుకున్నారు. మనదేశంలో నాగసేనుడు మిళింద రాజును, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని అడిగాడు. ఈ చర్చ కోనసీమవాళ్లకు కొత్త కాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి టేకు రథం, ఆరు దశాబ్దాల నాటిది, రాత్రివేళ కాలిపోయింది. 2021 ఫిబ్రవరికి కొత్త రథం తయారయింది. కొత్త రథంలో పాత కర్ర లేదు. అయినా తాళ్లు పట్టి లాగినవాళ్లలో ఎవరూ ఇది నకలు రథం అనలేదు. ఎందుకనలేదు? రథం వాళ్లకు లాగేందుకు. అది నడిచింది. నడిచింది కనుక అది రథమే. అంతేకాదు, ఇది కొత్తదని అందరికీ తెలుసు. ఎవరూ ఎవర్నీ మోసగించలేదు.

"అసలుది" కావాలన్న పట్టుదల వస్తువును వాడుకునేవాళ్లది కాదు, దానికి ధర కట్టేవాళ్లది. పందెపు బండికి అసలు రూపమనేది ఎక్కడుంది? ప్రతి పందేనికీ ఒక భాగం తీశారు, ఒక భాగం పెట్టారు, విరిగినదాన్ని అతికారు. ఏ రోజు రూపానికి తిరిగి తీసుకుపోవాలి? గెలిచిన రోజు రూపానికే ఎందుకు? ఓడిన రోజులూ, రాత్రంతా మేలుకుని వెల్డు చేసిన రోజులూ దాని చరిత్ర కాదా? మార్కెట్టు ఒక్క రోజును ఎన్నుకుని, దానికి మెరుగుపెట్టి, మిగతా రోజులనూ ఆ రోజుల్లో పనిచేసిన చేతులనూ చెరిపేస్తుంది. ఆ చెరిపెయ్యటానికి ఇచ్చిన ముద్దుపేరే అసలుదనం.

అయితే పగిలిన బ్రాకెట్టునే వుంచి, గతాన్ని యథాతథంగా కాపాడామనుకోవటం కూడా పొరపాటే. బతికివున్న మనిషి కాలికంటె చచ్చిన లోహం గౌరవం గొప్పది కాదు. మార్పు అవసరమే. తప్పు ఎక్కడున్నదంటే, మార్చి మార్చలేదనటంలో వుంది. ఇది నా సొంత నీతి కాదు. పురాతన కట్టడాల రక్షణ గురించి 1964లో వెనిస్‌లో ఆమోదించిన ప్రకటన, కొత్తగా చేర్చిన భాగాలు మొత్తంలో ఇమిడిపోవాలి గాని అసలు భాగాల నుంచి వేరుగా గుర్తుపట్టేట్టు వుండాలని చెప్పింది. చరిత్రను అబద్ధం చెయ్యకూడదన్నది దాని ఉద్దేశం. పాత వాహనాల కోసం ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య కూడా 2012లో టురిన్‌లో అదే దారిలో ఒక ప్రకటన చేసింది.

కనుక ఆ కుర్రవాడు దొంగతనంగా చేసిన పని నిజానికి బాహాటంగా జరగవలసిన పని. తప్పు అక్షరం కొట్టటంలో లేదు. దాన్ని దాచవలసి రావటంలో వుంది. తన వస్తువు గురించి లోకానికి అబద్ధం చెప్పే హక్కు యజమానికి డబ్బుతో రాదు. కూలి ఇచ్చి పని కొనవచ్చు. ఆ పని చెయ్యనే లేదన్న సాక్ష్యాన్ని కొనకూడదు.

ఇక్కడ మనం మరో అడుగు వెయ్యాలి. ఆ ప్రకటనలు కొత్త రాయిని గుర్తించమంటాయి. రాయి చెక్కినవాడి పేరు రాయమని అడగటం మన పని. ద్రాక్షారామం గుడి శాసనాలు చూడండి. అఖండదీపానికి ఎవరు ఎన్ని గొర్రెలు ఇచ్చారో వందల ఏళ్ల తర్వాత కూడా చదువుకోవచ్చు. ఆ అక్షరాలను చెక్కిన ఉలి ఎవరిదో చెప్పే శాసనం కోసం మాత్రం వెతుక్కోవాలి. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు మన వూళ్లలో ఎన్నో విగ్రహాలున్నాయి. ఉండటం తప్పనను. ఆయన లేకపోతే ఈ డెల్టా ఇలా వుండేది కాదు. కాని ఆ రాళ్లు మోసినవాళ్లు లేకపోయినా ఇలా వుండేది కాదు గదా!

ఇంతవరకు రాసి నేను ఆగవలసి వచ్చింది. ఎందుకంటే నాకు మా కాలేజీ లేబొరేటరీ గుర్తొచ్చింది. అక్కడ గాలి తీసే పంపు ఒకటుండేది. అది ఏటా పాడయ్యేది. ఏటా మా అటెండరు తోలు వాషర్లు కోసి, ఆముదం రాసి, దాన్ని నడిపించేవాడు. ఇరవైరెండేళ్లు ఆ పంపు అతని చేతుల మీద బతికింది. రిజిస్టరులో ప్రతి ఏడూ నేను "పంపు బాగు చేయబడినది" అని రాసి నా సంతకం పెట్టాను. చేయబడినది! ఎవరిచేత? వ్యాకరణం కూడా యజమాని పక్షమే వహిస్తుందని అప్పుడు నాకు తోచలేదు. ఆ సభల్లో శ్రమ గౌరవం గురించి మాట్లాడింది కూడా నేనే. అటెండరు నాలుగేళ్ల క్రితం పోయాడు.

అందుచేత కుర్రవాడికి సలహా చెప్పేటప్పుడు నా గొంతులో కావలసినంత బలం లేకపోయింది. "నువ్వు చేసింది తప్పు కాదు. కాని సగమే చేశావు. మార్చిన భాగాల జాబితా రాసి, ఏది ఎవరు చేశారో రాసి, యజమానికి ఇవ్వు. పలక పక్కన పెట్టమని అడుగు," అన్నాను.

అతను కొంచెంసేపు ఊరుకున్నాడు.

"ఆయ్, అడుగుతానండి. వీసా ఆయన చేతిలో వుందండి. చెల్లి పెళ్లి అప్పు ఇంకా వుంది. పంపించేస్తే మీరేమన్నా చూస్తారాండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అయితే ఆ ప్రశ్న నుంచి ఒక సంగతి మాత్రం గ్రహించాను. సత్యం చెప్పవలసిన బాధ్యత అందరిదీ అంటాం గాని, దాని ఖరీదు అందరికీ ఒకటి కాదు. నిజం చెప్తే ఉద్యోగం పోయేవాణ్ణి ముందు నిలబెట్టి, నిజం చెప్పినా ఏమీ పోనివాళ్లం వెనక నిలబడి చప్పట్లు కొట్టటం నీతి కాదు. బాధ్యత మొదట ఎవరికి తక్కువ నష్టమో వాళ్లది: వస్తువును చూడటానికి వెళ్లి "ఇది ఎవరు బాగు చేశారు?" అని అడగగల ప్రేక్షకుడిది, వ్యాసం రాసేవాడిది, రిజిస్టరు చేతిలో వున్న ఉపాధ్యాయుడిది. పనివాడు ఒంటరిగా దాచి కొట్టిన అక్షరం బాహాటంగా రావాలంటే, అతని వెనక సంఘమూ చట్టమూ వుండాలి. అవి లేనిచోట అతను దాన్ని దాచినందుకు మనం అతన్ని తప్పుపట్టలేం.

సెలవు అయిపోయి వెళ్లేముందు అతను ఆ పాత బ్రాకెట్టును నాకే ఇస్తానన్నాడు. నా బల్ల మీద అది మళ్లీ ప్రదర్శన వస్తువే అవుతుంది. వద్దన్నాను. ఇప్పుడది అతని తండ్రి షెడ్డులో, పానాలు తగిలించే చెక్కకు మేకుతో కొట్టివుంది. పని నేర్చుకునే కుర్రవాళ్లకు ఆయన దాన్ని చూపించి, పగులు ఎక్కడ మొదలవుతుందో, ఆకురాయి వాలును బట్టి చెయ్యి ఎలా తెలుస్తుందో చెబుతున్నాడట.

మొన్న నేను మా పాత కాలేజీకి వెళ్లి, లేబొరేటరీ పాత రిజిస్టరు అడిగి తీయించాను. ఇరవైరెండు చోట్ల, నా సంతకం పక్కన, అటెండరు పేరు రాసి, నేటి తేదీ వేశాను. తేదీ వెయ్యకపోతే అది కూడా అబద్ధమే అయ్యేది.